బొమ్మకు మొగమెందులకు?

ఊపిరి నిలిచినవారిని బ్రతికించు విద్యను నర్సు విద్యార్థినులు ఒక బొమ్మపై నేర్చుకొందురు. నొక్కుటకు రొమ్మును, ఊదుటకు నోరును చాలును గదా, దానికి అందమైన మొగమెందులకని మీరడుగవచ్చును. ఆ కథయే నేడు మనవి చేయుదును.

1950వ దశకమున అమెరికాలో పీటర్ సేఫర్ అను వైద్యుడు నోటితో ఊపిరి యూదు పద్ధతియే మేలని నిరూపించెను. ఆ పరీక్షలు సమ్మతించిన మనుష్యులపై జరిగినవి. వేలమందికి నేర్పుటకు అది తగిన దారి కాదు. అప్పుడు నార్వే దేశమున స్టవాంగర్ పట్టణమందు ఆటబొమ్మలు చేయు ఆస్మండ్ లేర్డాల్ పూనుకొనెను. ఆయన నీట మునిగిన తన పసికుమారుని రక్షించుకొన్న తండ్రి. 1960లో సిద్ధమైన బొమ్మకు, ప్యారిస్‌లో సేన్ నదిలో పడి మరణించినదని ప్రతీతి గల యొక అనామక యువతి ముఖమును పెట్టి, ఆన్ అని పేరిడెను. బొమ్మ మనిషివలె నున్నచో నేర్చువారికి శ్రద్ధ కలుగునని ఆయన విశ్వాసము.

విద్యార్థిని మొదట భుజము తట్టి, "ఆనీ, బాగున్నావా?" అని పిలువవలెను. బదులు రానిచో సాయమునకు కేకవేసి, రొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 సార్లు, రెండంగుళముల లోతున నొక్కవలెను. ప్రతి 30 నొక్కులకు 2 ఊపిరులు. గుండె నిలిచిన కొలది నిమిషములకే మెదడు చెడును గనుక జాగు కూడదు.

అయితే భయము మితిమీరిన చేయి ఆడదు. అందుచే మంచి బోధకులు అభ్యాసము ముగిసినంతనే విద్యార్థినులను చుట్టును కూర్చుండబెట్టి, వారి మనసులోని మాట చెప్పించెదరు. పేరు పెట్టి పిలిచి నేర్చిన విద్య ఆపదవేళ మరువరాదని నా తలంపు. ఏ చేయియు అందక నదిలో పోయినదనబడు ఆ పడుచు మొగము చూచి, ఎందరో చేయి సాచుట నేర్చిరి.