హాన్సు గుఱ్ఱము లెక్కలు

బెర్లిను నగరములో ఫాన్ ఓస్టెన్ అను వృద్ధుడు ఉండెడివాడు. పూర్వము బడిలో గణితము చెప్పినవాడు. ఆయన హాన్సు అను తన గుఱ్ఱమునకు సుమారు నాలుగేండ్లు ఓపికతో లెక్కలు నేర్పినాడు. "మూడును రెండును ఎంత?" అని అడిగినచో అది గిట్టతో అయిదుమార్లు నేలను తట్టి ఆగును. భిన్నములు కూడ చేసెడిది. చూడవచ్చినవారి వద్ద ఆయన కాసైనను పుచ్చుకొనలేదు.

1904 సెప్టెంబరులో 13 మంది గల సంఘము దీనిని పరీక్షించినది. మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు కార్ల్ ష్టుంఫ్ దానికి పెద్ద. సభ్యులలో సర్కసు నడుపువాడు కూడ ఉన్నాడు. మోసమేమియు లేదని వారు తేల్చినారు. ఆ మాట నిజమే. కాని మోసము లేనంత మాత్రమున గుఱ్ఱమునకు లెక్కలు వచ్చునని అర్థమా?

ఈ చిక్కును విప్పినవాడు ష్టుంఫ్ శిష్యుడైన ఆస్కార్ ఫుంగ్‌స్ట్. అడుగువానికి జవాబు తెలిసియుండుటయే కారణమేమో అని అతడు ఊహించినాడు. పరీక్షకు నిలుపదగిన ఇట్టి ఊహకే ప్రాక్కల్పన అని పేరు. అతడు అట్టలపై అంకెలు వ్రాసి గుఱ్ఱమునకు చూపించినాడు. కొన్నిమార్లు ఆ అంకె అడుగువానికి తెలియును, కొన్నిమార్లు తెలియదు. మిగిలినదంతయు ఒక్కతీరుగనే ఉంచినాడు; ఇది నియంత్రణము. ప్రయోగకర్త కావలెనని మార్చునది స్వతంత్ర చరము, ఇక్కడ అడుగువాని ఎరుక. దానినిబట్టి మారునేమో అని కొలుచునది పరతంత్ర చరము, అనగా సరియైన జవాబుల సంఖ్య. తెలిసినప్పుడు నూటికి 98 ఒప్పులు. తెలియనప్పుడు 8 మాత్రమే! జట్కా గుఱ్ఱములకు కట్టునట్టి గంతలను మరింత పెద్దవిగా చేసి కట్టి, అడుగువాడు కనబడకుండ చేసినప్పుడు 89 కాస్త 6కు దిగినది.

రహస్యము బయటపడినది. ప్రశ్న వేసినవాడు గిట్టను చూచుటకై తల రవంత వంచును. సరియైన సంఖ్య రాగానే తెలియకయే పైకెత్తును. హాన్సు చదివినది ఆ కదలికనే. ఫుంగ్‌స్ట్ ప్రయోగశాలలో తానే గుఱ్ఱము స్థానమున కూర్చుండి, ఎదుటివారు తలచిన సంఖ్యలను చేతితో తట్టినాడు. 25 మందిలో 23 మంది ఈ సంజ్ఞ ఇచ్చినారు. అంతేకాదు, సంగతి తెలిసిన పిమ్మటకూడ తన తలను తానే నిలుపుకొనలేకపోయినాడు. 1907లో గ్రంథము వెలువరించినాడు.

అమెరికాలో రాబర్ట్ రోజెంతాల్, కెర్మిట్ ఫోడ్ 1963లో ప్రకటించిన ప్రయోగము దీనికి దగ్గరిది. ఒకే జాతి ఎలుకలను విద్యార్థులకు పంచి, కొందరితో "మీవి చురుకైనవి" అనియు, కొందరితో "మీవి మందమైనవి" అనియు చెప్పినారు. చురుకైనవన్న ఎలుకలే దారి బాగుగ నేర్చుకొన్నట్లు లెక్క తేలినది. కనుకనే నేడు క్రొత్త మందును పరీక్షించునప్పుడు, ఎవరికి మందు, ఎవరికి ఉత్తబిళ్ళ అన్నది రోగికే కాక వైద్యునికిని తెలియనీయని పద్ధతి విరివిగా పాటింతురు.

ఫాన్ ఓస్టెన్ మాత్రము ఈ ఫలితమును ఒప్పుకొనలేదు. ఇక పరీక్షలు వలదని కోపించినాడు. 1909లో మరణించినాడు. పిమ్మట హాన్సును ఎల్బర్‌ఫెల్డు వాసి కార్ల్ క్రాల్ తీసికొనిపోయినాడు. అతడును తన గుఱ్ఱములకు లెక్కలు చెప్పసాగినాడు.