నాలుగు సెక్షనుల చట్టము

కాగితములతో కాలము గడుపు మనబోంట్లకు ఏ చట్టము చేతికి వచ్చినను తుదినుండి చదువు అలవాటొకటి కలదు. ఎవరికెట్టి రక్షణ యున్నదో సాధారణముగా నచ్చటనే తెలియును. 1897వ సంవత్సరపు అంటువ్యాధుల చట్టము నాలుగే సెక్షనులతో వెలువడినది. ఈ చట్టముక్రింద సద్భావముతో పనిచేసినవారిపై దావా చెల్లదని దాని కడపటి సెక్షను చెప్పుచున్నది. అధికారికి వ్యాజ్యభయము తొలగెను. రోగిని చేతులతో తాకి సేవచేయువారి ప్రాణభయమును గూర్చి మాత్ర మందొక్క మాటయు లేదు.

ఆ చట్టమునకు కారణము ప్లేగు. 1896 సెప్టెంబరులో అది బొంబాయిలోని మాండ్వీ పేటలో బయటపడినది. రోగక్రిమిని యెర్సిన్ 1894లోనే హాంకాంగులో గుర్తించియుండెను. హాఫ్‌కిన్ పండితుడు తాను సిద్ధపరచిన టీకాను 1897 జనవరి 10న తన శరీరముపైననే పరీక్షించుకొనెను. అయినను ఎలుకల నంటియుండు చిన్న పురుగు కాటువలన వ్యాధి వ్యాపించునని సైమండు కరాచీలో కనుగొనుటకు 1898 రావలసివచ్చినది. అంతవరకు రోగి పక్కబట్టలు దులుపు పరిచారకునకు తన శత్రువెవరో తెలియదు.

చట్టము వెలువడినది ఫిబ్రవరి 4న. ఆ దినములలో పుణెలో సావిత్రీబాయి ఫూలేగారు, వైద్యుడైన దత్తపుత్రుడు యశ్వంతుతో కలిసి ఊరివెలుపల రోగులకు చికిత్సాలయమును నడపుచుండిరి. ఆమెకప్పటికి 66 ఏండ్లు. ముంఢ్వా గ్రామమునుండి వ్యాధిగ్రస్తుడైన యొక బాలుని వీపున మోసికొని వచ్చిరనియు, ఆమెకును వ్యాధి సోకెననియు జీవితచరిత్రలు చెప్పుచున్నవి. మార్చి 10న ఆమె కన్నుమూసిరి. చట్టము పుట్టి 34 దినములే యైనది. ఆ త్యాగమును మనము వేనోళ్ల పొగడుదుము, పొగడదగినదే. ఆ వయస్సున ఆమె వీపున మోయవలసిన యవసర మేల కలిగెనని మాత్రము అడుగము.

2020లో కరోనా వచ్చినపుడు మరల నా పాతచట్టమే బీరువానుండి బయటికి వచ్చినది. 2005లో మొదలైన ఆశా పథకపు కార్యకర్తలు దేశమంతట సుమారు 10 లక్షలమంది. వారికి ఉద్యోగుల జీతములు లేవు. గౌరవభృతియు, ప్రోత్సాహకములును మాత్రమే. ఇల్లిల్లు తిరిగి జ్వరముల లెక్క వ్రాసినది వారే. కొన్నిచోట్ల దెబ్బలు తిన్నదియు వారే. మార్చి చివర కేంద్రప్రభుత్వము ఆరోగ్యసిబ్బందికి 50 లక్షల రూపాయల భీమా కల్పించెను. ఏప్రిలు 22 నాటి ఆర్డినెన్సు వారిపై దౌర్జన్యమునకు 3 నెలలనుండి 5 ఏండ్లవరకును, తీవ్రగాయమైనచో 7 ఏండ్లవరకును కారాగారము విధించెను. సెప్టెంబరులో నది శాసనమైనది. సామాజిక ఆరోగ్యకార్యకర్త యను మాట ఆ చట్టమున కెక్కుటకు 123 ఏండ్లు పట్టినది!

సంతోషింపదగినదే. కాని శిక్ష దెబ్బ తగిలిన పిమ్మట. భీమా ప్రాణము పోయిన పిమ్మట. చేతితొడుగులు, మాస్కులు ఎవరివ్వవలెనో ఆ సవరణలో వెదకితిని, కనబడలేదు. ఇక వికలాంగునకు స్నానము చేయించి తినిపించు ఇంటి ఆయా సంగతి వేరు. ఆమె పని అంటువ్యాధి విధులలోనిదని చెప్పుట కష్టము. రెండు గజముల దూరము పాటింపుడని ఊరంతయు చాటించితిమి. రెండు గజముల దూరమునుండి అన్నపుముద్ద నోటికందించుట ఎవరి తరము?

ఆ ఏప్రిలులో మా తలుపు తట్టిన ఆశా కార్యకర్త దుపట్టా కొంగునే ముక్కునకు చుట్టుకొనియుండెను. మేలో మరల వచ్చినపుడు మంచి మాస్కుండెను. ఎవరిచ్చిరని యడిగితిని. తానే కొనుక్కొన్నానని చెప్పి, ఇంటిలో జ్వరములెవరికైన నున్నవాయని పుస్తకము తెరచెను.