బాతుల తుపాకీ, కయోటీ వేట

షాట్‌గన్ గొట్టాన్ని మూతి దగ్గర కాస్త ఇరుకు చేస్తే, బయటికి వచ్చే గుండ్లు త్వరగా చెదిరిపోకుండా మరికొంత దూరం గుంపుగా వెళ్తాయి. ఈ ఇరుకునే చోక్ అంటారు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో అంత వ్యాసం ఉన్న గొట్టమే పన్నెండు బోరు. అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఫుల్ చోక్ ఇందులో తగ్గించేది దాదాపు ఒక్క మిల్లీమీటరు. మాడిఫైడ్ అయితే అందులో సగం, ఇంప్రూవ్డ్ సిలిండర్ అయితే పావు వంతు. ఏ ఇరుకూ లేని గొట్టం పేరు సిలిండర్. ఈ స్వల్ప తేడాల చుట్టూ నూట యాభై ఏళ్లకు పైగా పేటెంట్లు, పోటీలు, తగాదాలు నడిచాయి. తోడేలుకూ నక్కకూ నడిమి సైజు జంతువైన కయోటీని వేటాడే అమెరికా వేటగాళ్లు వాడే చోక్‌లు, తూటాలు ఆ చరిత్ర నుంచి వచ్చినవే. అయితే మొదట్లో వాటిని తయారుచేసినవాళ్ల దృష్టి కయోటీ మీద లేదు, ఎగిరే పిట్ట మీద ఉంది.

చోక్‌ను ముందు కనిపెట్టింది ఎవరన్న తగువు నేటికీ తేలలేదు. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో తుపాకులు చేసే విలియం రోచెస్టర్ పేప్ 1866లో పేటెంటు తీసుకున్నాడు. 1868లో అమెరికన్ సిల్వెస్టర్ రోపర్ గొట్టం చివర బిగించి తీయగల చోక్‌కు పేటెంటు పొందాడు. ఇలినాయ్ రాష్ట్రం పియోరియా ప్రాంతంలో బాతులను కొట్టి నగరాల మార్కెట్లకు అమ్మే ఫ్రెడ్ కింబుల్ దాదాపు అదే కాలంలో తానూ ఈ కిటుకు పట్టానన్నాడు. పేటెంటు మాత్రం ఆయన పేర లేదు. వేటే జీవనమైనవాడికి ఒక్క తూటాకు ఎన్ని బాతులు రాలాయన్నదే ఆ రోజు సంపాదన. కాబట్టి పేటెంటు లేకపోయినా ఆయన మాటను కొట్టిపారేయలేం.

దాన్ని నమ్మదగిన పద్ధతిగా మార్చిన ఘనత మాత్రం బర్మింగ్‌హామ్‌కు చెందిన డబ్ల్యు. డబ్ల్యు. గ్రీనర్‌కు ఎక్కువమంది ఇస్తారు. 1874 చివర ఆయన తన చోక్ గొట్టాలను ప్రకటించాడు. మరుసటి ఏడాది ‘ది ఫీల్డ్’ పత్రిక లండన్‌లో జరిపిన తుపాకుల పరీక్షల్లో చోక్ గొట్టాలు పాత గొట్టాలను దూరంలో స్పష్టంగా మించాయి. 40 గజాల దూరంలో, అంటే సుమారు 36 మీటర్ల దగ్గర, 30 అంగుళాల వలయంలో ఎన్ని గుండ్లు పడ్డాయో లెక్కపెట్టే పద్ధతే నేటికీ చోక్‌కు గీటురాయి. ఫుల్ చోక్ తూటాలోని గుండ్లలో 70 శాతాన్ని ఆ వలయంలో వేయాలి. మాడిఫైడ్ 60, ఇంప్రూవ్డ్ సిలిండర్ 50, సిలిండర్ 40 శాతం.

ఇక గుండ్ల సంగతి. పదిహేడో శతాబ్దంలో కరిగిన సీసాన్ని చిల్లుల పాత్ర గుండా నీళ్లలోకి జార్చి సన్నగుండ్లు చేసేవారు. అవి సరిగా గుండ్రంగా వచ్చేవి కావు. బ్రిస్టల్ నగరంలో సీసం పని చేసే విలియం వాట్స్ 1782లో మరో పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కొద్దిగా ఆర్సెనిక్ కలిపిన సీసాన్ని ఎత్తు నుంచి జారవిడిస్తే, గాలిలో పడేటప్పుడే తలతన్యత వల్ల చుక్క గుండ్రబడి గట్టిపడుతుంది. కింద ఉన్న నీరు దాన్ని చల్లార్చి, పడిన దెబ్బకు సొట్టపడకుండా కాస్తుంది. ఇందుకోసం ఆయన తన ఇంటినే ఎత్తు పెంచి గోపురంగా మార్చాడు. తర్వాత అమెరికాలోనూ ఇలాంటి గోపురాలు లేచాయి. బాల్టిమోర్‌లో 1828లో ఇటుకలతో కట్టిన ఫీనిక్స్ షాట్ టవర్ ఎత్తు 234 అడుగులు. అది ఇప్పటికీ నిలిచి ఉంది. గోపురం నుంచి జారేవి సన్న రకాలే. జింకల వేటకు పుట్టిన బక్‌షాట్ గుండ్లు అంతకంటే చాలా పెద్దవి. వాటిని అచ్చుల్లో పోసో, సీసపు తీగను ముక్కలు కోసి నొక్కో చేస్తారు.

గుండు సైజుల పేర్లు కొత్తవాడిని తికమక పెడతాయి. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. నంబర్ 4 బక్ గుండు 0.24 అంగుళాలు, డబుల్ ఓ బక్ 0.33 అంగుళాలు. నంబర్ 4 బర్డ్‌షాట్ అన్నది సన్నగుండ్లలో ఒక రకం, దానికి ఈ నంబర్ 4తో పోలికే లేదు. బక్‌షాట్‌కూ సన్నగుండ్లకూ మధ్య బిబి (0.18 అంగుళాలు), టి (0.20 అంగుళాలు) వంటి అక్షరాల పేర్లు ఉంటాయి. ఇంగ్లిష్ పద్ధతి వేరు. భారతదేశంలో లైసెన్సు ఉన్న పన్నెండు బోరు తుపాకులకు వాడే తూటాల మీద ఎల్.జి., ఎస్.జి. అనే పాత ఇంగ్లిష్ పేర్లే ఇప్పటికీ కనిపిస్తాయి. వీటిలో ఎస్.జి. దాదాపు అమెరికా డబుల్ ఓ బక్‌కు సమానం.

ఇక కయోటీ సంగతి. అది తోడేలుకు చిన్న, నక్కకు పెద్ద. అమెరికా పడమటి మైదానాల్లో పెరిగిన కయోటీ 9 నుంచి 16 కిలోల దాకా తూగుతుంది. తూర్పు ప్రాంతాల్లో ఇంకాస్త పెద్దది. 1823లో ప్రకృతి శాస్త్రవేత్త థామస్ సే దానికి శాస్త్రీయ నామం ఇచ్చాడు. అప్పటికి పశుపోషకుల పగ అంతా తోడేలు మీదే. గొర్రెల మందలు పెరిగి, తోడేళ్లు తగ్గాక ఆ పగ కయోటీ మీదికి మళ్లింది. పందొమ్మిదో శతాబ్దంలో స్ట్రిక్‌నిన్ విషం, ఉక్కు బోనులు, వేటకుక్కలు ప్రధాన ఆయుధాలు. 1915 నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వం ఈ పనికి డబ్బు కేటాయించింది. 1940ల నడిమిలో కాంపౌండ్ 1080 అనే విషం వచ్చింది. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వుతో కేంద్ర భూముల్లో విషప్రయోగం ఆగింది. ఈ సుదీర్ఘ యుద్ధంలో షాట్‌గన్ పాత్ర చిన్నదే. బహిరంగ మైదానంలో కయోటీ మనిషిని చాలా దూరం నుంచే పసిగడుతుంది, కాబట్టి అక్కడ రైఫిల్‌దే పెత్తనం. విమానాల నుంచి షాట్‌గన్‌తో కాల్చడం మాత్రం ఒక ప్రత్యేక శాఖగా పెరిగింది. 1971 చట్టం దాన్ని సామాన్య వేటగాళ్లకు నిషేధించి, అనుమతి పొందిన యంత్రాంగాలకు పరిమితం చేసింది. ఇన్ని చేసినా కయోటీ తగ్గలేదు. తోడేలు లేని తూర్పు అడవుల్లోకి వ్యాపించి, నేడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది.

షాట్‌గన్‌కు చోటు కల్పించింది పిలుపు. దెబ్బతిన్న కుందేలు అరుపును నోటితో ఊదే చిన్న ఈలతో అనుకరిస్తే, ఆకలితో ఉన్న కయోటీ దగ్గరికి వస్తుంది. ఇరవయ్యో శతాబ్దం నడుమ టెక్సాస్‌లోని మార్బుల్ ఫాల్స్‌కు చెందిన బర్న్‌హామ్ సోదరులు ఇలాంటి ఈలలు అమ్మి ఈ పద్ధతికి ప్రచారం తెచ్చారు. తర్వాత అరుపులను రికార్డు చేసి వినిపించే యంత్రాలు వచ్చాయి. దక్షిణ టెక్సాస్ ముళ్ల పొదల్లోనో, తూర్పు అడవుల్లోనో పిలిస్తే కయోటీ చాలాసార్లు ఇరవై ముప్పై మీటర్ల దగ్గర, పరుగుమీద, ఎదురుగా కనిపిస్తుంది. అలాంటి చోట రైఫిల్ దూరదర్శినిలో దాన్ని పట్టుకునేలోపు అది మాయమవుతుంది. బాతుల కోసం పుట్టిన తుపాకీ ఇక్కడ పనికొచ్చింది. కానీ పదహారు కిలోల మృగానికి బాతు తూటా చాలదు, జింక తూటా ఎక్కువ. ఆ ఇబ్బంది నుంచే నేటి ఎంపికలన్నీ వచ్చాయి.

ఈ ఎంపికలో ప్రతి వేటగాడూ రెండింటి మధ్య నలుగుతాడు. గుండు పెద్దదైతే లోతుగా దిగుతుంది, కానీ తూటాలో తక్కువే పడతాయి. చిన్నదైతే చాలా పడతాయి, కానీ లోతు తగ్గుతుంది. డబుల్ ఓ బక్ గుండు దాదాపు 3.5 గ్రాములు, నంబర్ 4 బక్ 1.3, సీసపు బిబి 0.6 గ్రాములకు కాస్త తక్కువ. మామూలు రెండు ముప్పావు అంగుళాల డబుల్ ఓ తూటాలో 9 గుండ్లు ఉంటాయి. ఫుల్ చోక్ 70 శాతం అందించినా, 36 మీటర్ల దగ్గర ఆ 30 అంగుళాల వలయంలో ఆరు గుండ్లే. అంటే సుమారు 760 చదరపు సెంటీమీటర్లకు ఒక్కటి. ఎదురుగా వచ్చే కయోటీ ఛాతీలో ప్రాణస్థానం 15 సెంటీమీటర్ల వలయం అనుకుంటే దాని వైశాల్యం 177 చదరపు సెంటీమీటర్లు. గుండ్ల మధ్య ఖాళీలోంచి అది సులువుగా తప్పించుకుపోగలదు. మూడు అంగుళాల నంబర్ 4 బక్ తూటాలో 41 గుండ్లుంటాయి. అదే లెక్కన ఆ ప్రాణస్థానానికి ఒక గుండు దొరుకుతుంది. ఒకటిన్నర ఔన్సుల సీసపు బిబిలో దాదాపు 75 ఉంటాయి, అప్పుడు రెండు. గుంపు నడుమ చిక్కగా ఉంటుంది కాబట్టి నిజంలో ఈ సంఖ్యలు కొంత మెరుగే. అయినా ఇది గరిష్ఠ దూరపు లెక్క. అందుకే తెలిసినవాళ్లు 30 మీటర్ల లోపలే ఆగుతారు. గాయపడి పారిపోయిన జంతువును పట్టించుకోని వేటగాడికి మాత్రమే పెద్ద గుండు గొప్పగా కనిపిస్తుంది. తోలు అమ్ముకునేవాళ్లు డబుల్ ఓకు దూరంగా ఉండటానికి ఇంకో కారణం, అది చేసే పెద్ద రంధ్రం. 1970ల చివర పొడవాటి వెంట్రుకల తోళ్లకు ధర పెరిగినప్పుడు ఈ సంగతి మరీ ముఖ్యమైంది.

చోక్ ఎంపికలో పొరపాటు సాధారణంగా ఒకే దిక్కున జరుగుతుంది: ఇరుకు ఎక్కువైతే మంచిదనే నమ్మకం. సన్నగుండ్లకు అది కొంతవరకు నిజం. పెద్ద గుండ్లు ఇరుకులో ఒకదాన్నొకటి నొక్కుకుని చదునవుతాయి. చదునైన గుండు గాలిలో దారి తప్పుతుంది. టర్కీ కోళ్ల వేటకు చేసిన అతి ఇరుకు చోక్‌లు సన్నగుండ్లకు అద్భుతంగా పనిచేసి, బక్‌షాట్‌కు చతికిలపడటానికి ఇదే కారణం. నంబర్ 4 బక్‌కు మాడిఫైడ్, లేదా దానికీ ఫుల్‌కీ నడుమ ఉన్నది తరచు మేలు.

1960లలో వచ్చిన మార్పులు చోక్‌కంటే పెద్ద మేలు చేశాయి. అంతవరకు కాగితపు తూటాలో గుండ్లు గొట్టం గోడకు రాసుకుంటూ వెళ్లేవి. అంచు గుండ్లు అరిగి, సొట్టలు పడి, గుంపు వదిలి పోయేవి. ప్లాస్టిక్ తూటా, గుండ్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ గిన్నె, మధ్య ఖాళీల్లో నింపే ప్లాస్టిక్ పొడి రావడంతో బక్‌షాట్ గుంపు బిగుసుకుంది. సీసంలో ఆంటిమొనీ కలిపి గట్టిపరచడం, పైన రాగి పూత పూయడం కూడా అదే పనికి. మరోవైపు చోక్ మార్చుకునే వీలు పెరిగింది. గొట్టం చివర తిప్పే పాలీ చోక్, కర్నల్ కట్స్ కాంపెన్సేటర్ రెండు ప్రపంచ యుద్ధాల మధ్యనే వచ్చినా, మర బిగించే చోక్‌లు కర్మాగారాల నుంచే మామూలుగా రావడం 1960ల తర్వాతి మాట. ఒకే తుపాకీతో ఉదయం బాతు, మధ్యాహ్నం కయోటీ సాధ్యమైంది.

సీసం మీద ఆంక్షలు తర్వాతి మలుపు. నీటి పిట్టల వేటలో సీసాన్ని 1991 నాటికి అమెరికా అంతటా నిషేధించారు. కయోటీకి ఆ నిషేధం వర్తించకపోయినా, కాలిఫోర్నియాలో కాండోర్ రాబందు విషయం వేరు. సీసపు ముక్కలున్న కళేబరాలు తిని ఆ అరుదైన పక్షులు చనిపోతుండటంతో 2008 నుంచి వాటి ప్రాంతంలోనూ, 2019 జూలై 1 నుంచి రాష్ట్రమంతటా అన్ని వేటలకూ సీసం లేని తూటాలే తప్పనిసరయ్యాయి. ఉక్కు సాంద్రత 7.8, సీసం 11.3. అందుకని ఉక్కు వాడేటప్పుడు రెండు సైజులు పెద్ద గుండు తీసుకోవాలని వేటగాళ్ల నియమం. ఉక్కు నలగదు కాబట్టి చెదురు తక్కువ, పెద్ద ఉక్కు గుండ్లు ఫుల్ చోక్‌లోంచి వెళ్తే గొట్టం ఉబ్బే ప్రమాదమూ ఉంది. పాత గొట్టాలకు అసలే పనికిరావు. బిస్మత్ సాంద్రత 9.6, టంగ్‌స్టన్ మిశ్రమాలది 12 నుంచి 18 దాకా. 18 అంటే సీసానికి ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. చిన్న గుండుతోనే లోతు, తూటాలో సంఖ్య రెండూ దక్కుతాయి. ధర మాత్రం చాలామందిని భయపెడుతుంది. తయారీదారులు కయోటీ పేరుతోనే టి సైజు టంగ్‌స్టన్ తూటాలు అమ్ముతున్నారు. బాతు తూటాను మార్చి వాడుకునే రోజులు పోయి, ఈ జంతువు కోసమే చేసిన తూటా వచ్చినట్టే.

అయినా ఏ కొత్త తూటా కొన్నా గుండ్ల లెక్క కాగితం మీదే తేలుతుంది. ఒకే మాడిఫైడ్ ముద్ర ఉన్న చోక్‌లు కంపెనీకో రకంగా తేడాగా ఉంటాయి. తుపాకీ గొట్టాల లోపలి వ్యాసాలూ అంతే. 36 మీటర్ల దగ్గర కాగితం పెట్టి, మూడు నాలుగు తూటాలు కాల్చి, వలయంలో ఎన్ని పడ్డాయో, దానిలో ఛాతీ అంత ఖాళీలు ఎన్ని మిగిలాయో చూసుకోవాలి. చట్టాన్నీ చూసుకోవాలి: రాష్ట్రాన్ని బట్టి గుండు సైజుపైనా, రాత్రి వేటపైనా నిబంధనలు మారుతుంటాయి.  బక్‌షాట్ కొన్నిచోట్ల కొన్ని కాలాల్లో అసలే కూడదు.