రాగిరేకు మీద వేట, చేపలవల

1501 ప్రాంతంలో నూరెంబర్గ్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ సెయింట్ యూస్టేస్ కథను రాగిరేకు మీద చెక్కాడు. వేటకు వెళ్లిన యోధుడికి దుప్పి కొమ్ముల నడుమ సిలువ కనబడే ఘట్టం అది. డ్యూరర్ రాగి చెక్కుళ్లలో ఇంతకన్నా పెద్దది లేదు. విషయం భక్తిదే అయినా, బొమ్మ ముందుభాగంలో ఉన్నవి ఐదు వేటకుక్కలు. ఇటలీలో కళాకారుల జీవితచరిత్రలు రాసిన వసారి ఆ కుక్కల అందాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. ఈ బొమ్మలో వేట మతకథకు తోడుగా వచ్చింది. ఆ శతాబ్ది చివరి భాగానికి వేటా, చేపలు పట్టడమూ తమంతట తామే చిత్రానికి వస్తువులయ్యాయి. ఈ మార్పులో ఎక్కువ భాగం ఆంట్వెర్ప్ నగరపు అచ్చుశాలల్లో జరిగింది.

రాగి చెక్కుడు కష్టమైన పని. సానపట్టిన రాగిరేకులో సన్నని ఉక్కు ఉలిని అరచేత్తో ముందుకు నెడుతూ గీతలు తీస్తారు. గాట్లలో సిరా నింపి, పైభాగం శుభ్రంగా తుడిచి, తడి కాగితం పరిచి, రెండు రోలర్ల నడుమ గట్టిగా నొక్కుతారు. కుక్క వెంట్రుకలూ, వల కన్నులూ, నీటి అలలూ చెక్క అచ్చులో సాధించడం కష్టం. రాగిలో అవి స్పష్టంగా వస్తాయి. అచ్చులో బొమ్మ ఎడమ కుడి తారుమారవుతుంది కాబట్టి, చెక్కేవాళ్ల కోసం నమూనా గీసే చిత్రకారుడు కుడిచేతి వేటగాణ్ణి ఎడమచేతివాడిగా గీసిపెట్టేవాడు.

ఈ వేట బొమ్మల అచ్చుకళకు ప్రధాన పురుషుడు యాన్ వాన్ డెర్ స్ట్రాట్. లోకం అతణ్ణి స్ట్రాడానస్ అంటుంది. 1523లో బ్రూజ్‌లో పుట్టి, ఫ్లోరెన్స్‌లో స్థిరపడి, 1605లో అక్కడే మరణించాడు. ఆ నగరాన్ని ఏలిన మెడిచి వంశపు కోసిమో కొలువులో వసారితో కలిసి పనిచేశాడు. పోజో అ కయానోలోని మెడిచి విడిదిభవనం కోసం 1567 నుంచి వేట దృశ్యాలతో నేతతెరల నమూనాలు గీశాడు. ఒక రాజభవనపు గోడలకు పరిమితమైన ఆ దృశ్యాలు 1570లో ఆంట్వెర్ప్ ప్రచురణకర్త హియరోనిమస్ కాక్ ద్వారా కాగితం మీదికి వచ్చాయి. తర్వాత అదే నగరపు ప్రచురణకర్త ఫిలిప్స్ గాలె ఆ పనిని ఎన్నో రెట్లు పెంచాడు. 1578లో మొదటి విడత, 1596 నాటికి మొత్తం 104 బొమ్మలు. మృగాలు, పక్షులు, చేపల వేటలే కాక, మృగాల పోరాటాలూ అందులో ఉన్నాయి. కొల్లార్ట్ సోదరులు వంటి ఆరితేరిన చెక్కుడుపనివాళ్లు రేకులు చెక్కారు. ప్లాంటిన్ అచ్చుశాలలో ప్రూఫులు దిద్దే పండితుడు కిలియాన్ అడుగున లాటిన్ పద్యాలు కూర్చాడు. 1576లో స్పెయిన్ సైనికులు దోచుకుని తగలబెట్టిన నగరంలో, రెండేళ్లు తిరగకుండానే ఇంత పని మొదలవడం గమనించదగ్గది.

ఈ 104 బొమ్మల్నీ ఒకే తీరుగా నమ్మకూడదు. ఏనుగును సర్పాలు చుట్టుకుని పోరాడే దృశ్యం ప్లినీ వంటి ప్రాచీన రోమన్ రచయితల పుస్తకాల్లోంచి వచ్చింది. అద్దంతో చిరుతను ఉచ్చులోకి రప్పించడమూ అలాగే కనిపిస్తుంది. ఆ జంతువుల్ని వాటి అడవుల్లో స్ట్రాడానస్ చూడలేదు. నీటికాకులతో చేపలు పట్టించే చైనా పద్ధతి దూరప్రయాణాల వార్తల ద్వారా అందినది. కాని అడవిపందిని కుక్కలు చుట్టుముట్టడం, జిగురు కొమ్మలతో పక్షుల్ని పట్టడం, ఏటికి అడ్డంగా వల లాగడం యూరప్‌లో నిత్యం జరిగే పనులు. చరిత్రకారుడికి వీటి విలువ ఎక్కువ. దుప్పి వేట ప్రభువుల హక్కు. అందుకే ఆ బొమ్మల్లో గుర్రాలూ, పట్టుబట్టలూ కనిపిస్తాయి. అయినా పొదల్ని కొట్టి మృగాన్ని తోలేవాళ్లు, కుక్కల్ని పట్టుకునేవాళ్లు, మోకాళ్లదాకా నీళ్లలో నిలిచి వల లాగేవాళ్లు కూడా అంతే శ్రద్ధతో చెక్కబడ్డారు. ఆ కూలీల పనిముట్లు, నిలబడే భంగిమలు ఇంత వివరంగా మరోచోట దొరకడం అరుదు.

చిత్రకారుడు హాన్స్ బోల్ దారి వేరు. 1534లో మెకెలెన్‌లో పుట్టి, 1572లో ఆ ఊరిని స్పెయిన్ సేనలు కొల్లగొట్టినప్పుడు ఆంట్వెర్ప్ చేరాడు. 1582లో గాలె ప్రచురించిన అతని చిన్నచిన్న వేట, చేపల, పక్షుల దృశ్యాల్లో ప్రకృతిదే పెద్దపీట. కాలువ ఒడ్డు, కోట కందకం, దూరాన చర్చి గోపురం, వాటి మధ్య ఒక మూల గాలం వేసే మనిషి. స్ట్రాడానస్ కోలాహలం ఇక్కడ లేదు.

స్ట్రాడానస్ శిష్యుడు ఆంటోనియో టెంపెస్టా రోమ్‌లో వేట బొమ్మల వరుసల్ని కొనసాగించాడు. అచ్చు కాగితాలు చవక, తేలిక. వ్యాపారులు వాటిని దూరదేశాలకు తీసుకెళ్లారు. తర్వాతి తరాల నేతగాళ్లకూ, వెండిపనివాళ్లకూ, గోడలకు బొమ్మలు వేసేవాళ్లకూ ఇవి నమూనాలుగా ఉపయోగపడ్డాయి.