మా జీపు ఎక్కిన దారి కథ

లంబసింగి అనగానే మనకి చలి, పొగమంచు, స్ట్రాబెర్రీ తోటలు గుర్తొస్తాయి. ఆంధ్రా కాశ్మీర్ అని పేరు కూడా పెట్టేశాం. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రంతా ఆరుబయట ఉంటే మనిషి కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెప్తారు. కానీ ఆ చలి దాకా మనల్ని తీసుకెళ్ళే రోడ్డుకే ఒక పెద్ద చరిత్ర ఉంది. ఈ చలికాలం మేం అక్కడ రెండు రాత్రులు టెంట్లలో గడిపి వచ్చాం. ఫొటోలు అందరూ పెడతారు, నేను ఆ దారి కథ చెప్తాను.

మేం ఉండేది విశాఖపట్నంలో. మావారికి ఫోర్ బై ఫోర్ జీపు కొనాలని ఎన్నాళ్ళనుంచో కోరిక, కిందటేడు తీరింది. నిజానికి లంబసింగి దాకా దానితో పనిలేదు, తారు రోడ్డే. నర్సీపట్నం దాటాక ఘాట్ మొదలవుతుంది. మలుపులు, లోయలు, ఒకవైపు కొండ. పైన ఊరు దాటి, మట్టిబాటలో గుట్ట మీదకి ఎక్కేటప్పుడు మాత్రం నాలుగు చక్రాల బలం కావాల్సి వచ్చింది. రెండు చక్రాలకే ఇంజను బలం అందితే బురదలో అవి అక్కడే తిరుగుతాయి. నాలుగింటికీ అందితే, రెండు జారినా మిగతా రెండు పట్టుకుని బండిని లాగుతాయి. వెనక సీట్లో మా అత్తగారు దేవుణ్ణి తలుచుకుంటూ, పిల్లలు కేకలు పెడుతూ మొత్తానికి ఎక్కేశాం.

అప్పుడే మా అబ్బాయి అడిగాడు. "అమ్మా, జీపులు లేనప్పుడు ఇక్కడికి ఎలా వచ్చేవాళ్ళు?"

మంచి ప్రశ్న. కొండవాళ్ళు నడిచేవాళ్ళు. దొరలొస్తే వాళ్ళ సామాన్లు కొండవాళ్ళే మోసేవాళ్ళు. మనుషుల్నీ మోసేవాళ్ళు. బలవంతపు చాకిరీ కదా, కాదనే వీలెక్కడ? తర్వాత సర్కారువారు నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వెయ్యాలనుకున్నారు. ఆ పని కూడా గిరిజనుల మీదే పడింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఈ విషయంలో ఎంత చెడ్డపేరు తెచ్చుకున్నాడంటే, మన్యం తిరుగుబాటు గురించి రాసేవాళ్ళెవరూ అతని పేరు రాయకుండా ఉండరు. రోజుకి ఆరణాల కూలీ అని చెప్పి రెండణాలు చేతిలో పెట్టేవారని, ఎదురు మాట్లాడితే కొరడా దెబ్బలేనని చెప్పుకుంటారు.

అప్పటికే వాళ్ళ బతుకు ఇరుకున పడి ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి సర్కారుదైపోయింది. పోడు కొట్టుకుని సామలు, చోళ్ళు పండించుకోవడం మీద ఆంక్షలు పెట్టారు. ఆడవాళ్ళుగా మనకిది తొందరగా అర్థమవుతుంది. కట్టెలు, చింతపండు, దుంపలు, అడ్డాకులు అన్నీ అడవి నుంచే వచ్చే ఇంట్లో అడవి మీద కట్టడి పెడితే, ముందు దెబ్బ తగిలేది వంటింటికే. దాని పైన ఈ రోడ్డు పని. ఇంట్లో కూలిడబ్బులూ లేవు, అడవిలోకి వెళ్ళే దారీ లేదు.

అల్లూరి సీతారామరాజు గారికి తోడు నిలిచిన గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు ఆ కొండల వాళ్ళే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడిచేసి తుపాకులు పట్టుకెళ్ళారు. సర్కారు మలబారు పోలీసుల్ని, తర్వాత అస్సాం రైఫిల్స్‌ని దించింది. 1924 మే 7న రాజుగారిని కొయ్యూరులో విచారణ కూడా లేకుండా కాల్చేశారు. అప్పటికి ఆయనకి 27 ఏళ్ళు నిండలేదు. తర్వాతి నెలలో గంటందొర కూడా పోయారు. మల్లుదొర మాత్రం శిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యారు. రోడ్డు కూలీల తరఫున నిలిచిన మనిషి ఢిల్లీలో పార్లమెంటులో కూర్చున్నాడన్నమాట.

ఇదంతా మంట చుట్టూ కూర్చుని చెప్పాను. మా అత్తగారు 1974లో వచ్చిన కృష్ణ గారి సినిమా గుర్తుచేసుకున్నారు. పిల్లలకి తెలిసింది ట్రిపులార్ సినిమా. అది కల్పించిన కథ అని, అసలు రాజుగారు పోలీసు ఉద్యోగం చెయ్యలేదని చెప్పేసరికి కాసేపు నమ్మలేదు.

ఆ మంటకి కట్టెలు తెచ్చింది పక్క గూడెం ఆవిడ. ఎండుకట్టెల మోపు నెత్తిన పెట్టుకుని అంత దూరం ఎక్కి వచ్చింది. రెండు వందలంది. మావారు అలవాటుకొద్దీ "నూరు చేసుకోమ్మా" అన్నారు. మా అమ్మాయి వెంటనే, "నాన్నా, ఆరణాలని చెప్పి రెండణాలిస్తావా?" అంది. మావారు నవ్వేసి అడిగినంతా ఇచ్చారు. నాకు నవ్వుతోపాటు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. చరిత్ర పాఠం మార్కుల కోసమే కాదని ఆ క్షణంలో అనిపించింది.

ఆవిడ చలి కాచుకుంటూ కాసేపు మాట్లాడింది. వాళ్ళ గూడేనికి బండి రాదట. కోడలికి నొప్పులొస్తే డోలీ కట్టి, కొండ దిగి రోడ్డు దాకా మోసుకొచ్చారట. కర్రకి దుప్పటి కట్టి, ఇద్దరు భుజాన వేసుకుని నడుస్తారు. ఇలాంటి డోలీ మోతల వార్తలు పేపర్లో మనం ఇంకా చదువుతూనే ఉన్నాం. 2022లో ఈ కొండలతో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. 2025లో గిరిజన గ్రామాలకి రోడ్ల కోసం "అడవి తల్లి బాట" అని ప్రభుత్వం పనులు మొదలుపెట్టింది. ఆ రోడ్డు తన గుమ్మం దాకా రావాలనే ఆవిడ కోరిక.

అంటే రోడ్డు చెడ్డదని కాదు. వందేళ్ళ క్రితం వేసిన రోడ్డు కింద ఉన్న సర్కారు పైకి ఎక్కడానికి. ఇప్పుడు ఆవిడ అడిగేది పైన ఉన్న కోడలు కిందున్న ఆసుపత్రికి దిగడానికి. ఎవరి అవసరం కోసం వేశారు, ఎవరు మోశారు, మోసినవాళ్ళకి ఏం దక్కింది అన్నదే అసలు లెక్క. మనం సరదాగా వెళ్ళే జీపుకి నాలుగు చక్రాల బలం ఉంది. గూడెంలో నొప్పులు పడే పిల్లకి ఇద్దరు మనుషుల భుజాలే బలం.

మీరూ పిల్లలతో లంబసింగి వెళ్తే, వచ్చేటప్పుడు నర్సీపట్నం నుంచి పక్కకి మళ్ళి కృష్ణదేవిపేట వెళ్ళిరండి. అక్కడ రాజుగారి సమాధి ఉంది, గంటందొర సమాధి కూడా ఉంది. పిల్లలకి రెండూ చూపించండి. మాకు మొదటి పేరే తెలుసు, రెండోది కూడా వాళ్ళకి తెలియాలి. కొండ మీద కట్టెలో, చింతపండో, తేనో కొంటే బేరం మాత్రం ఆడకండి.