ఎవరి పేరు మీద? ఎన్ని అడుగుల దగ్గర?

భద్రాచలంలో ఇల్లు కొనాలనుకునేవాళ్లకు ధర కంటే ముందు రెండు సంగతులు తేలాలి. కాగితం ఎవరి పేరు మీద ఉంది? గోదారి ఎన్ని అడుగులకొస్తే గడప తడుస్తుంది? దుమ్ముగూడెం, చర్ల బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైన కోయ పంతులమ్మని నేను. పిల్లలు ఎదిగి రెండు గదుల అద్దె ఇల్లు చాలనప్పుడు నేనూ ఈ ప్రశ్నల వెంట తిరిగాను. ఒక్కోదాని వెనక ఎంత చరిత్ర ఉందో అప్పుడే తెలిసింది.

మా తాతల కాలంలో ఇల్లు కొనడమనేదే లేదు. కొడుక్కి పెళ్లయితే అదే వాకిట్లో ఇంకో పాక లేచేది. మద్ది గుంజలు, వెదురు వాసాలు, రెండు పక్కలా మట్టి మెత్తిన తడికెలు, పైన తాటాకో గడ్డో. పంట ఇంటికి చేరాక, తొలకరి పడకముందు పని మొదలయ్యేది. ఊళ్లోవాళ్లంతా వచ్చి చెయ్యి వేసేవాళ్లు, ఇంటివాళ్లు జావ, కల్లు పోసేవాళ్లు. రేపు ఇంకొకరి ఇంటికి వీళ్లు వెళ్లాలి, అదే అప్పు, అదే వడ్డీ. అడవి రిజర్వు అయ్యాకే గుంజకూ అనుమతి అడగాల్సి వచ్చింది. మద్రాసు అటవీ చట్టం 1882 నాటిది.

మద్రాసు చట్టం మా దాకా ఎలా వచ్చిందంటే, భద్రాచలం సీమ 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్లకు పోయింది. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు వాళ్ల గోదావరి జిల్లాలో కలిసింది. ఏటి అవతల పాల్వంచ మాత్రం నిజాం కిందే ఉండిపోయింది. మైదానం నుంచి ఉప్పు, బట్ట, అప్పు మోసుకుని వచ్చినవాళ్లకు మన్యం భూములు కొంచెం కొంచెంగా దాఖలు పడ్డాయి. అది ఆపడానికే 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీ చట్టం తెచ్చింది. ప్రభుత్వ ఏజెంటు ముందుగా ఒప్పుకోకుండా కొండజాతివాళ్ల భూమి బయటివాళ్లకు పోతే చెల్లదంది. చట్టం మద్రాసులో ఉంది, సాహుకారు మా గుమ్మంలో ఉన్నాడు. భూములు పోతూనే ఉన్నాయి.

1959లో భద్రాచలం తూర్పు గోదావరిని విడిచి ఖమ్మం జిల్లాలో చేరింది. ఆ ఏడే కొత్త భూ బదిలీ రెగ్యులేషన్ వచ్చింది, 1963లో దాన్ని తెలంగాణ ఏజెన్సీకీ వర్తింపజేశారు. అసలు మలుపు 1970లో దానికి వచ్చిన సవరణ. ఇక్కడ అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. గిరిజనేతరుడు తన స్థిరాస్తిని ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు, అమ్మితే గిరిజనుడికో గిరిజనుల సహకార సంఘానికో అమ్మాలి. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని రుజువయ్యేదాకా గిరిజనుడి నుంచి వచ్చిందనే లెక్క. సుప్రీంకోర్టు 1988లో ఈ సవరణ చెల్లుతుందంది. 1997లో సమతా తీర్పులో, షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు కూడా తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదంది.

చట్టం ఇటు బిగుస్తుంటే పట్నం అటు పెరిగింది. 1965లో గోదారి మీద వంతెన పడింది. యాత్రికులు పెరిగారు, సత్రాలు, దుకాణాలు లేచాయి. అవతలి ఒడ్డున సారపాకలో కాగితపు మిల్లు వచ్చింది. 2014లో పక్కనున్న ఎటపాక లాంటి ఊళ్లు ఆంధ్రలోకి పోయాక, పెరగడానికి జాగా ఇంకా తగ్గింది. రిజిస్ట్రేషన్ జరగని చోట జనం నోటరీ కాగితాల మీద, తెల్లకాగితం ఒప్పందాల మీద ఇళ్లు మార్చుకున్నారు. ఇంకొందరు మావాళ్ల పేర్లు అరువడిగారు. నా దగ్గరికీ వచ్చారు. "టీచరమ్మా, సంతకం మీది, డబ్బు మాది. మీకు పోయేదేముంది?" అన్నారు. పేరు పోతుందన్నాను. చట్టం బేనామీని కూడా బదిలీ కిందే లెక్కగడుతుంది.

రెండో ప్రశ్నకు జవాబు గోదారి చెప్పింది. మాకు 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 1986 ఆగస్టు 16న నీటిమట్టం 75.6 అడుగులు తాకింది. తాటాకు పాక మునిగితే వేసవిలో మళ్లీ లేస్తుంది. బతుకంతా కూడబెట్టి కట్టిన డాబాలో బురద నిండితే ఆ కుటుంబం లేవడానికి ఏళ్లు పడుతుంది. తర్వాత కరకట్ట వచ్చింది, కొంత ధైర్యమూ వచ్చింది. 2022 జులైలో నీళ్లు 71.3 అడుగులకు చేరాక ఆ ధైర్యం సడలింది. ఈ బాధే వద్దని ఖమ్మం వెళ్లి కొనుక్కున్నవాళ్లున్నారు. అక్కడా మున్నేరు ఊరుకోలేదు, 2024 సెప్టెంబరు 1న బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్ మునిగాయి.

అందుకే మా తాతలు వేసవిలో ఇల్లు కడితే, నేను శ్రావణంలో ఇళ్లు చూశాను. ఎండాకాలంలో ఏ ఇల్లయినా బాగానే కనపడుతుంది. వానల్లో గోడమీది పాత నీటిచార ఎక్కడుందో చూడొచ్చు, వీధిలో నీళ్లు ఎటు పోతున్నాయో చూడొచ్చు, ఎనభయ్యారులో ఈ వరుసకు ఎంత నీరొచ్చిందని పక్కింటి ముసలమ్మను అడగొచ్చు. నాకు నచ్చిన పెద్ద ఇల్లు పల్లంలో ఉంది, వదిలేశాను. మెరకలో ఒక గది తక్కువున్న ఇల్లు తీసుకున్నాను. అమ్మినవాళ్లూ మా కోయలే, లింకు కాగితాలన్నీ ఉన్నాయి. గిరిజనులు బ్యాంకుకు తనఖా పెట్టుకోవచ్చని చట్టంలో ఉంది, కానీ వేలమేస్తే గిరిజనులే కొనాలి కాబట్టి నేను వెళ్లిన బ్యాంకు సగం మొత్తానికే ఒప్పుకుంది. మిగతా సగానికి పీఎఫ్ డబ్బు తీశాను.

మా ఊరి గిరిజనేతరుల కష్టమూ నాకు తెలుసు. తాతల నాటి ఇల్లు బిడ్డ పెళ్లికి అమ్ముకుందామంటే వాళ్లకు కొనేవాళ్లు దొరకరు. ఈ చట్టం ఎత్తేస్తే అందరికీ మంచి ధర వస్తుందని వాదించేవాళ్లు మా చుట్టాల్లోనూ ఉన్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయీ అదే అంటాడు. "ఈ ఇల్లు అమ్మితే అక్కడ ఒక గది కూడా రాదమ్మా."

నిజమే, రాదు. ఆ తక్కువ ధరకు దొరికింది కాబట్టే పంతులమ్మ జీతంతో నేను కొనగలిగాను. రేపు చర్ల నుంచి వచ్చే ఇంకో కోయ పంతులమ్మా కొనగలగాలి.