వోక్స్‌వ్యాగన్ బీటిల్ హీటరు
వోక్స్‌వ్యాగన్ బీటిల్ జర్మనీలో రూపొందిన కారు. దీని ఉత్పత్తి 2003లో మెక్సికోలో ముగిసింది. ఇంజను గాలితో చల్లబడే రకం కావడం వలన, ఇతర కార్లలో వలె వేడినీటితో పనిచేసే హీటరు ఇందులో ఉండదు.

పనిచేసే విధానం
ఇంజను కారు వెనుక భాగంలో ఉంటుంది. 1960ల ఆరంభం నుండి వచ్చిన కార్లలో ఇంజను ఫ్యాను గాలి కొంత, పొగగొట్టాల చుట్టూ అమర్చిన ఉష్ణ వినిమయకాల గుండా పోయి వేడెక్కుతుంది. తలుపుల క్రింద ఇరుప్రక్కలా ఉన్న బోలు రేకు మార్గాల ద్వారా అది ముందుకు చేరుతుంది.

మరమ్మత్తు
మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లే చలిదేశాలలో ఈ మార్గాలు త్వరగా తుప్పు పడతాయి. కారు పైభాగానికి ఇవే ఆధారం కనుక, వేడి తగ్గడంతో పాటు కారు దృఢత్వం కూడా తగ్గుతుంది. తుప్పు భాగాన్ని కోసి కొత్త రేకును వెల్డింగ్ చేయాలి. అంతకు ముందు సీట్లు, తివాచీలు, వెనుక సీటు క్రింద ఉండే బ్యాటరీ తీసివేయాలి. తలుపుల ఖాళీలలో అడ్డుకమ్మీలు బిగించకుండా కోస్తే చట్రం వంగి, తలుపులు సరిగా మూసుకోవు.

ప్రమాదం
వినిమయకం లోపలి పొగగొట్టానికి చిల్లు పడితే కార్బన్ మోనాక్సైడ్ వేడిగాలితో కలిసి కారులోకి వస్తుంది. రంగు, వాసన లేని ఈ వాయువు ప్రాణాంతకం. చిల్లుపడిన వినిమయకానికి పైపైన అతుకు వేయకుండా, దానిని పూర్తిగా మార్చాలి.

ఇవి కూడా చూడండి
కారు
కార్బన్ మోనాక్సైడ్